డ్రిల్ మిషన్ దగ్గర అత్తగారు

మేక కాళ్ళకి బూట్లు తొడిగి పంపించండి, దానికైనా సరే డ్రిల్ మిషన్ మీద తిన్నగా కన్నం వెయ్యడం నేర్పి ఇంటికి తోలతాను, ఈ కకమెగా ఊళ్ళో నా చేత కాదనిపించుకున్న శిష్యుడు ఇంకా తల్లి కడుపులోంచి బయటపడలేదు, అన్న మాట తన నోటినుంచే వచ్చింది, ఇంకెవరి నోటినుంచైనా వచ్చుంటే ఎంత బావుండేది, గేటు పక్క టీ బల్ల మీద కూర్చుని మందాజీ నములుతూ నలుగురూ వింటుండగా అన్న ఆ మాట ఇప్పుడు ఈ శనివారం సమావేశంలో, అందరికంటే వెనక, గోడకి చేరబడి కూర్చున్న షిటాండా చెవిలో దూరిన జోరీగలా తిరుగుతోంది, తల విదిలిస్తే పోదు, వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది, ముందు అలివిట్సా లేచి నిలబడింది, ఊరివాళ్ళంతా వచ్చి పని నేర్చుకునే ఈ పమోజా షెడ్డుకి ఆమే పెద్ద, గొంతు సవరించుకుంటోంది, అంటే నియమాలు చదువుతుంది, ప్రతి సమావేశంలోనూ చదివేవే, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నవే, మామూలు రోజుల్లో అయితే ఆమెకంటే ముందే తన పెదవులు కదిలేవి, చర్చిలో పాటలన్నీ కంఠస్థం వచ్చినవాడిలాగా, ఇవాళ పెదవులు ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఎందుకంటే మొదటి వరసలో, కిటికీ వైపు చివర, తెల్లటి సిమెంట్ కట్టు ఒకటి ఉంది, కట్టు ఉంది అనే అనుకుంటున్నాడుగానీ ఆ కట్టున్న చేతి మనిషిని అనుకోవడం లేదు, అత్తగారి వైపు కళ్ళెత్తి చూడకూడదు కదా, దగ్గరగా నిలబడకూడదు, చెయ్యి కలపకూడదు, ఆమె కూర్చున్న కుర్చీలో కూర్చోకూడదు, తాతల నాటి కట్టుబాటు, ఎంత మంచి కట్టుబాటు, ఇవాళ చూడకుండా ఉండడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

యంత్రం ముట్టుకునే ముందు షెడ్డులో పని తెలిసిన ఫుండి దగ్గర నేర్చుకోవాలి, అని చదువుతోంది అలివిట్సా, నేర్పే ఫుండి పక్కనే నిలబడి మీ చేతులు చూడాలి, మీ కాళ్ళు చూడాలి, మీ గుడ్డలు చూడాలి, అప్పుడే మీ పేరున్న పచ్చ బిళ్ళ ఇవ్వాలి, ఆ బిళ్ళ మిషన్ మేకుకి తగిలించకుండా మీట నొక్కకూడదు, చూడాలి చూడాలి చూడాలి, ఈ మాట ఇన్నిసార్లు ఉందని తనెప్పుడూ గమనించనే లేదు, ఇన్నాళ్ళూ తనే కదా అందరికీ వినిపించేది, జుట్టూ గొలుసూ ఒంటికి చుట్టుకున్న లెసో గుడ్డ అంచూ నడుముకి బిగించి దోపుకోవాలి, మిషన్ తిరుగుతుండగా పలకరింపులు లేవు, వచ్చినవాడు బిషప్ గారైనా సరే ముందు మీట ఆపాలి, తర్వాతే నమస్కారం, ఈ నియమం రాయించింది తనే, ఇక్కడివాళ్ళకి పలకరింపు పిచ్చి, ఎదురుపడిన మనిషి ఆవు ఈనిందా దూడ లేచిందా అని అడక్కుండా అడుగు ముందుకు వెయ్యరు, అందుకని తనే పట్టుబట్టి రాయించాడు, రాయించినవాడు రాయించినట్టు ఊరుకోకుండా బల్ల ఎక్కి ఉపన్యాసం కూడా ఇచ్చాడు, ఇప్పుడా బల్ల కింద దూరడానికి చోటుంటే బావుండును, తరచూ అడిగే ప్రశ్నలు, అంది అలివిట్సా, పిల్లల్ని తేవచ్చా, తేవచ్చు, రంపాల గదిలోకి కాదు, చేసుకున్న సామాను అమ్ముకోవచ్చా, అమ్ముకోండి, షెడ్డుకి ఒక పూట ఊడ్చిపెట్టండి, కోడిని తేవచ్చా, ఎందుకు తేవాలనిపించిందో చెప్పండి ముందు, ఇక్కడ ఎప్పుడూ నవ్వుతారు, ఇవాళా నవ్వారు, కొంచెం నెమ్మదిగా, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరిని అడుగుతారు, అని చదివి ఆమె ఆగింది, ఎప్పుడూ అక్కడ ఆగదు, ముందు నేర్పినవాణ్ణి అడుగుతాం, అంది, అని తన వైపు చూసిందో లేదో షిటాండాకి తెలీదు, తన బూట్ల లేసులు ఎంత పాతబడిపోయాయో అప్పుడే చూశాడు.

ఆ రోజు పొద్దున్న పెళ్ళాం ముహోంజా ఎంత స్పష్టంగా చెప్పిందో, పొయ్యి మీద టీ పొంగుతుంటే గరిటె అడ్డం పెట్టి, తల తిప్పకుండానే, మా అమ్మ మీ షెడ్డుకి వస్తానంటోంది, మొక్కజొన్న కంకులు వొలిచే కన్నాల చెక్క చేసుకుంటుందట, చేత్తో వొలిచి వొలిచి బొటనవేళ్ళు పుళ్ళు పడుతున్నాయి ఆమెకి, నువ్వెలాగూ నేర్పలేవు, ఇమాలికి అప్పజెప్పు, మరిచిపోకు, అంటే తను సరే అన్నాడు, సరే అనడానికి ఏం ఖర్చు, నిజంగానే అప్పజెప్పేవాడు కూడా, ఇమాలి ఎంత చక్కగా నేర్పుతుంది, నవ్వుతూ, మెత్తగా, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా, అసలు ముహోంజా రంపం మిషన్ నేర్చుకున్నదే ఇమాలి దగ్గర, మొగుడి దగ్గర మొదలుపెట్టి ఒక్క పూటలో ఏడ్చుకుంటూ లేచిపోయింది, ఆ పాస్టరుగారైతే నీ దగ్గర నేర్చుకోవడం కంటే బైబిలు తలకిందులుగా చదవడం సులువు నాయనా అని దణ్ణం పెట్టి వెళ్ళి మళ్ళీ షెడ్డు మొహం చూడలేదు, మేక సంగతి దేవుడెరుగు, కట్టుకున్న పెళ్ళానికి నేర్పలేకపోయినవాడు, పాస్టరుని పారదోలినవాడు, ఇంకా ఆ కళాయి పనివాడూ, ఆ స్కూలు పంతులమ్మా, లెక్క తీస్తే ఆ టీ బల్ల మీద అన్న మాటలో మిగిలేది మందాజీ నూనె మరక ఒక్కటే, అది తనకీ తెలుసు, ముహోంజాకీ తెలుసు, టీ పోసే ఆవిడకి కూడా తెలుసు, తెలిసీ ఎందుకన్నాడూ అంటే, అక్కడ జుంబా ఉన్నాడు.

జుంబా ఉంటే చాలు తనకి నోరు ఆగదు, చిన్నప్పుడు ఒకే బెంచీ, ఇద్దరి లాగులకీ ఒకే చిరుగు, ఎద్దుల పోట్లాట చూడ్డానికి బడి ఎగ్గొట్టి వెళితే ఇద్దరికీ ఒకే బెత్తం, అప్పట్నించీ ఒకడు మెట్టు ఎక్కితే ఇంకొకడు నిచ్చెన వేస్తాడు, తను మేక మాట అనగానే జుంబా టీ ఊదుకుంటూ, మేకదేముంది ఫుండీ, మేకకి నువ్వు అల్లుడివి కావుగా, మీ అత్తగారు వస్తోందట కదా, ఆమెకి నేర్పు చూద్దాం, అంటే బల్లంతా గొల్లుమంది, మెల్లిగా వెనక్కి తగ్గితే పోయేది, అది వేరే సంగతిలేవోయ్, దానికి ఇమాలి ఉంది, అంటే సరిపోయేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు, అలివిట్సాకి తన అల్లుడికే నేర్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ నోరు తెరిచి అడిగింది, ఇది నాకు కుదరదు, ఎవరైనా రండర్రా అని, లేచి వెళ్ళింది తనే, ఎవరైనా నవ్వారా, నవ్వలేదు, కట్టుబాటున్న చోట దాని పక్కనే దారి కూడా ఉంటుంది, మధ్యమనిషి ఉంటాడు, మాట చేరేసేవాళ్ళు ఉంటారు, తాతలంత తెలివితక్కువవాళ్ళేం కాదు, కానీ తను టీ గ్లాసు ఠంగుమని పెట్టి, నేర్పుతాను చూడు, అన్నాడు.

నేర్పాడు, ఎలా నేర్పాడూ అంటే, ఆమె డ్రిల్ మిషన్ దగ్గర నిలబడింది, తను తలుపు దగ్గర నిలబడ్డాడు, మధ్య సగం షెడ్డు ఉంది, తను గోడ వైపు తిరిగి గోడకి పాఠం చెప్పాడు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, అని గోడకి, చెక్కని బిగింపులో బిగించాలి, అని గోడకి, అవతలినించి ఆమె కూడా ఇంకో గోడ వైపు తిరిగి, ఊఁ, ఊఁ, అంది, మర్యాదస్తురాలు, పొలంలో పనిచేసేటప్పుడు లెసోని నడుముకి బిగించి కట్టుకునే మనిషి, ఊరంతా చూసింది, గొడ్డలి పట్టినా గంప ఎత్తినా ఆమె గుడ్డ అంగుళం జారదు, అలాంటిది అల్లుడు ఉన్నాడని ముడి విప్పి భుజాల మీదుగా తల మీదికి లాక్కుంది, అంచులు రెండూ వేలాడుతున్నాయి, తను చూడలేదు, చూడలేదా, గోడ మీద నీడ పడింది కదా, నీడలో అంచు ఊగుతోంది కదా, అప్పుడు లెసో దోపుకోవాలి అన్న నియమం నాలిక చివరికి వచ్చింది, అత్తగారి ఒంటిమీది గుడ్డ గురించి అల్లుడు ఎలా మాట్లాడతాడు, మింగేశాడు, మిషన్ తిరుగుతుండగా ఎవరొచ్చినా పలకరించకూడదు అన్నది కూడా వచ్చింది, అత్తగారితో నన్ను చూసి కదలకు అని ఎలా అంటాడు, అదీ మింగేశాడు, పక్కగదిలో ఇమాలి రేడియో విప్పి తీగలు అతుకుతోంది, ఆ పిల్ల కూనిరాగం ఇక్కడికి వినిపిస్తోంది, ఒక్క కేక వేస్తే వచ్చేది, జుంబా కిటికీ అవతల నిలబడి చూస్తున్నాడు, కేక వెయ్యలేదు, పచ్చ బిళ్ళ బల్ల మీద పెట్టి దూరంగా జరిగితే ఆమె వచ్చి తీసుకుంది, చేతికి చెయ్యి తగలకుండా, ఎంత మర్యాదగా జరిగిందో అన్నీ.

తర్వాత అది, అది తల్చుకోకూడదు అనుకుంటాడు, తల్చుకోకుండా ఎలా ఉంటుంది, రోజూ రాత్రి ఉగాలి ముద్ద నోట్లో పెట్టుకోగానే వస్తుంది, ఆమె కన్నాలు వేస్తోంది, లెసో నడుముకి గట్టిగానే కట్టుకుంది, ఆ పూట అల్లుడు లేడని, కన్నాలు వరసగా వస్తున్నాయి, చెక్కపొట్టు లేస్తోంది, ఆమె ఏదో పాడుకుంటోంది కూడా, అప్పుడు తను తలుపు తోశాడు, ఏదో సుత్తి కోసం, సుత్తి కూడా కాదు, ఊరికే, ఆమె తల ఎత్తి అల్లుణ్ణి చూసింది, చూడగానే ఒక చేత్తో ముడి లాగి లెసోని భుజాల మీదికి విసిరింది, మర్యాదగా, రెండో చెయ్యి మిషన్ మీదే ఉంది, అంచు తిరుగుడులో పడింది, గుడ్డ చుట్టుకుంది, గుడ్డతో పాటు చెయ్యి, ఆమె అరవలేదు, అల్లుడి ముందు అరవకూడదని కాబోలు, అబ్బా అని కూడా అనలేదు, తను పరిగెత్తాడు, పరిగెత్తి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు, చేతులు ముందుకి చాచి, ముట్టుకోకుండా, చిత్రంగా, ఎవరో కోడిని పట్టబోయి మనసు మార్చుకున్నట్టు, మిషన్ ఆపే ఎర్ర మీట అటుపక్కే ఉంది, అందుతుంది, ఆమె భుజాన్ని రాసుకుంటూ వంగితే అందుతుంది, ఇమాలి వచ్చి వంగింది, ఇమాలే ఆపింది, గుడ్డ కోసింది, జుంబా ఆమెని బోడాబోడా బండి మీద తన వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, తను చేతులు చాచి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, ముహోంజా ఆ సాయంత్రం టీ పొంగి పొయ్యి ఆరిపోయినా గరిటె అడ్డం పెట్టలేదు.

ఎవరికీ చెడు చెయ్యాలని లేదు నాకు, అని లేచాడు జుంబా ఇప్పుడు, టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు, మిదేవా గుకు మా అందరికీ అవ్వలాంటిది, కానీ పెద్దవాళ్ళకి ఈ మిషన్లు ఎందుకు చెప్పండి, జుట్టు నెరిసినవాళ్ళు మిషన్ల గదిలోకి రాకూడదని ఒక నియమం పెట్టుకుందాం, వాళ్ళకి కావలసింది మనం చేసిపెడదాం, అంటే కొందరు తలలూపారు, ఒక ముసలాయన మాత్రం, నా జుట్టు ఇరవయ్యేళ్ళకే నెరిసింది నన్నేం చేస్తావురా, అన్నాడు, ఎవరూ నవ్వలేదు, అలివిట్సా చెయ్యెత్తి అందర్నీ ఆపింది, కొత్త నియమం సంగతి తర్వాత, ముందు ఉన్న నియమం చూద్దాం, చెప్పినా వినకుండా దెబ్బ తెచ్చుకున్నవాళ్ళ బిళ్ళ తీసేస్తాం, మళ్ళీ ఇవ్వం, చెప్పకపోవడం వల్ల దెబ్బ తగిలితే నేర్పిన ఫుండి బిళ్ళ తీసేస్తాం, ఆ ఫుండి ఇంకొకరి దగ్గర మొదటినించీ నేర్చుకోవాలి, అంతే, గుకూ, మిదేవా గుకూ, మీకు లెసో గురించీ పలకరింపుల గురించీ చెప్పారా, అని అడిగింది, అప్పుడే పైన రేకుల మీద వాన మొదలైంది, మధ్యాహ్నం వాన, ముందు గుప్పెడు గింజలు చల్లినట్టు, తర్వాత బస్తా విప్పినట్టు, ఆ మోతలో ఆమె లేచి నిలబడింది, కట్టు కట్టిన చెయ్యి రొమ్ముకి ఆనించుకుని, అల్లుడున్న వైపు వీపు పెట్టి, కిటికీకి చెబుతున్నట్టు చెప్పింది, చెప్పారమ్మా, అల్లుడుగారు అన్నీ వివరంగా చెప్పారు, ముసలి బుర్ర, నేనే మరిచిపోయాను, బిళ్ళ తీసేసుకోండి, ఇప్పటికే సగం కన్నాలు అయ్యాయి, మిగతావి నాకొద్దులే.

మిగతావి వద్దట, సగం కన్నాల చెక్క ఆ మూల అరలో ఉంది, అన్నీ వరసగా, ఒక్కటి కూడా పక్కకి జరగలేదు, తను నేర్పకుండానే అంత తిన్నగా వేసిన మనిషి, వద్దట, ఆమె ఎందుకలా చెప్పిందో ఆ షెడ్డులో తనకొక్కడికే తెలుసు, కూతురి మొగుడు పదిమందిలో తల దించుకోకూడదని, అదే కట్టుబాటు, అదే, ఏ కట్టుబాటు పేరు చెప్పి తను గోడ వైపు తిరిగాడో అదే, ఆమె చేతుల్లో అది గొడుగైంది, విరిగిన చేత్తో పట్టుకుని కూడా తన మీద వాన పడకుండా చాపింది, తన చేతుల్లో అది ఏమైందీ, దుప్పటైంది, ముసుగు తన్ని పడుకోడానికి, ఇప్పుడు బిళ్ళ తీసేస్తారు, చెప్పినా వినని మొండి ముసలిది అంటారు, సంతలో అంటారు, చర్చి మెట్ల మీద అంటారు, నెరిసిన జుట్టులన్నీ ఆమె పేరు చెప్పి గేటు బయటే నిలబడతాయి, ఊరుకుంటే చాలు, కట్టుబాటు ఎలాగూ అత్తగారి మాటకి ఎదురు చెప్పొద్దంటుంది, ఎంత హాయి, నోరు మూసుకుంటే మర్యాద కూడా దక్కుతుంది, అలివిట్సా మేకు దగ్గరికి నడుస్తోంది, పచ్చ బిళ్ళ మీద చెయ్యి వేస్తోంది, ఆ రోజు కూడా ఇలాగే కదా, అత్తగారు అడ్డం వచ్చిందనుకున్నాడు, ఆచారం అడ్డం వచ్చిందనుకున్నాడు, ఇన్నాళ్ళూ రాత్రులు పక్కమీద దొర్లుతూ తాతల్ని తిట్టుకున్నాడు, తాతలు దూరంగా నిలబడమన్నారు, అంతే, నోరు కట్టేసుకోమనలేదు, పక్కగదిలో కూనిరాగం తీస్తున్న పిల్లని పిలవద్దనలేదు, ఎవరూ అనలేదు, కిటికీలో జుంబా ఉన్నాడు, అంతే, తను అత్తగారి ముందు తల దించుకున్నది మర్యాద కోసం కాదు, జుంబా ముందు తల ఎత్తుకోడానికి, ఇంతే సంగతి, ఇంత చిన్నది, ఒక అవ్వ చెయ్యి విరగడానికి ఇంత చిన్నది సరిపోయింది, అనుకున్నాడు, ఇంక అనుకోడానికి ఏమీ మిగల్లేదు, చెవిలో జోరీగ కూడా ఆగింది, రేకుల మీద వాన ఒక్కసారిగా ఆగిపోయింది, అంత నిశ్శబ్దంలో షిటాండా లేచి, వరసల మధ్యగా నడిచి, అత్తగారికి మూడు బారల దూరంలో మర్యాదగా ఆగి, చెప్పలేదు, నేను చెప్పలేదు, ఆమె నా కోసం అబద్ధమాడింది, తీయాల్సింది నా బిళ్ళ, అన్నాడు.

ఇందులో వాన ఆగిందన్నది ఒక్కటీ నా కల్పన, మిగతాదంతా జరిగినట్టే చెప్పాను, ఆ రోజు వాన ఆగలేదు, ఇంకా పెరిగింది, రేకుల మోతలో ఎవరికీ ఒక్క ముక్క వినిపించక, ఏంటీ, గట్టిగా చెప్పు ఫుండీ, అని జుంబా చెవి దగ్గర చెయ్యి పెట్టి అరిస్తే, పాపం షిటాండా ఆ మాటంతా మొదటినించీ మళ్ళీ గొంతు చించుకుని చెప్పవలసి వచ్చింది.